నెక్కొండల ఎగిరిన ల్యాప్‌టాప్

హన్మకొండ సుబేదారిలో పూలమ్మ చాయ్ దుకాణం ముందు రెండు బల్లలుంటాయి. ఒకటి గిరాకీలకు, రెండోది సదానందానికి. పక్కనే జిరాక్స్ సెంటర్లో పని అతనిది, కాని చేతికంటే నోటికే పని ఎక్కువ. అతను కోతలు కోస్తున్నాడని తెలిసీ మేమంతా చాయ్ చల్లారిపోయేదాకా వింటాం. అతని అబద్ధం ముందు మా నిజాలు మరీ బక్కగా కనిపిస్తాయి, ఏం చేస్తాం.

ఆ పొద్దున మాత్రం వినడానికి ఒక కొత్త మనిషి వచ్చాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే వెంకట్రాజం. అరవై దాటిన మనిషి, ఒళ్లో గుడ్డసంచి, ఆ సంచిలో పాత ల్యాప్‌టాప్. ముప్పై ఏళ్లుగా ఆయన గీసిన మూడు వందల నలభై జంపఖానా నమూనాలు అందులోనే ఉన్నాయి. గీసిన గళ్ల పుస్తకాలు వరద నీళ్లలో నాని ముద్దయిపోయాయి. అదృష్టం బాగుండి, ఆయన బిడ్డ సుభాషిణి అంతకుముందే వాటిని గడి గడి చూసుకుంటూ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఆమె ఇప్పుడు నర్సంపేట దవాఖానలో నర్సు. ఆ నమూనాలు ఇంకెక్కడా లేవు.

సోమవారం జంపఖానాలు కొనేవాళ్లు నమూనాలు చూడ్డానికి వస్తున్నారు. ఆ ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే అరగంట పడుతోంది, నమూనా ఒకటి తెరిస్తే సగంలో బిగుసుకుపోతోంది. కొత్త సిస్టం వేస్తే బాగవుతుందని ఎవరో చెప్పారట, వేసేవాడు సదానందమని ఇంకెవరో చెప్పారట.

"అయితదా తమ్మీ?" అని అడిగాడు వెంకట్రాజం.

సదానందం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే కథ మొదలైనట్టే. రోజూ పేపరు చదవడానికొచ్చే రిటైర్డ్ గుమాస్తా సారంగపాణి పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అయితదా అంటానవా కాకా. నెక్కొండల రాంప్రసాద్ సారు ఎర్కేనా నీకు? హెడ్‌మాస్టరు. ఆయన ల్యాప్‌టాప్ ముందట నీది పసిపిల్ల. సారు పొద్దుగాల లేచి దాని స్విచ్చి నొక్కి, తానం చేసి, దేవునికి దీపం పెట్టి, బడికి పోయి పిల్లలతోని ప్రార్థన చేయించి, ఇంటర్వెల్‌ల ఇంటికొచ్చేసరికి, గప్పుడు తెర మీద జర వెలుతురు వచ్చేది. నాకు ఫోన్ చేసిండు. సదానందం, దీనికి కొత్త సిస్టం ఎయ్యాలె, హన్మకొండల నలుగురిని అడిగిన, నలుగురు దండం పెట్టిన్రు అన్నడు. నేనేమన్న? సారూ, పొద్దుగాల బండికి వస్తాన, చాయ్ పెట్టించుండ్రి అన్న. గంతే. గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు నేను, పూలమ్మక్కకు ఎర్కే."

"నాకేం ఎర్కలేదు" అంది పూలమ్మ, పొంగొస్తున్న పాల మీద నుంచి చూపు తిప్పకుండా.

"పెన్‌డ్రైవు జేబుల ఏసుకొని రైలెక్కిన. కొత్త సిస్టం మొత్తం అండ్లనే ఉన్నది. ఎంత బరువనుకున్నరు, నేను కూసున్న దిక్కు డబ్బా ఒరిగింది. టీసీ వచ్చి టికెట్ గూడ అడగలే, అన్నా నువ్వు జర నడుమ కూసో అన్నడు. నడుమ కూసున్న. బండి సక్కగయింది. నెక్కొండల దిగి సారు ఇంటికి పోయి, బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి పెన్‌డ్రైవు గుచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్తెనే గద తెలిసేది" అన్నాడు సారంగపాణి.

"తెర నిండ ఎర్ర అక్షరాలు. ఈ మిషన్ ముసల్ది, కొత్త సిస్టం మొయ్యలేదు, ఇడిసిపెట్టుండ్రి అని రాసింది. ఇంకోడైతే మూత పెట్టి లేస్తడు. నేను లేవలే. తెర దగ్గరికి మొహం పెట్టి నిమ్మళంగ అడిగిన. ఎవలను ముసల్దంటానవ్, మీ అమ్మ ముసల్దయితే అన్నం పెట్టవా అన్న. సారు భార్య ప్రేమలతమ్మ ఆడ్నే నిలవడ్డది, ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. తెర రెండు నిమిషాలు నల్లగయింది. అది ఆలోచన చేస్తాంది. చేసి చేసి, ఎర్ర అక్షరాలు తీసేసి తెల్ల అక్షరాలతోని 'సరే కానియ్' అని రాసింది."

"మన తెలుగులనేనా?" అన్నాడు వెంకట్రాజం.

"మన తెలుగులనే కాకా. వరంగల్ తెలుగుల." సదానందం కళ్లు మూసుకుని మళ్లీ తెరిచాడు. "ఇగ ఎక్కుడు షురువైంది. ఒక శాతం, రెండు శాతం, ఐదు శాతం. పది దాటినంక లోపలి ఫ్యాను తిరుగుడు చూడాలె. పన్నెండేండ్ల సంది పేరుకున్న దుమ్మంత ఒక్క తాప కక్కింది, ఇంట్ల ఎవల మొహం ఎవలకు కనబడలే. ఇరువై శాతం కాడ వాకిట్ల ఆరబోసిన మిరపకాయలు లేచినయ్. ఒకటి రెండు కాదు, కుప్పకు కుప్పే లేచి గోడ దాటి పక్కింటి కట్టయ్య వాకిట్ల పడ్డది. కట్టయ్య సప్పుడు చెయ్యలే, వచ్చిన పంటను ఎవడు కాదంటడు. ముప్పై శాతం కాడ ఆ ఘాటు ఊరంత పాకింది. బడిపిల్లలు తుమ్ముతాండ్రు, పోస్టుమాను తుమ్ముతాండు, కోళ్లు తుమ్ముతానయ్."

"కోళ్లు తుమ్ముతయా?" అంది పూలమ్మ.

"నెక్కొండ మిరపకాయ ఘాటుకు తలుపులు గూడ తుమ్ముతయక్కా. అది గాదు, అసలు సంగతి విను. నలభై మూడు శాతం కాడ కరెంటు పోయింది."

వెంకట్రాజం చెయ్యి సంచి మీద బిగుసుకుంది. "పోతే ఏమైతది తమ్మీ?"

"దాని బ్యాటరీ ఎప్పుడో సచ్చింది. నడిమిట్ల పోతే పాతది ఉండదు, కొత్తది ఉండదు కాకా. మిషన్ పీనుగే. సారు గోడకు ఒరిగి కూలవడ్డడు. నేను ఫికర్ చెయ్యలే. ట్రాక్టరు బ్యాటరీ తెమ్మన్న. తెచ్చిన్రు. ఒక్క శాతం గుంజి అది సల్లవడ్డది. ఇంకో ట్రాక్టరు అన్న. ఊర్లున్న ట్రాక్టర్లన్ని వాకిట్ల వరుసగ నిలవెట్టి ఒక్కొక్క దాని పానం గుంజితే యాభై శాతం కాడికి వచ్చింది. ఇంకో యాభై యాడికెళ్లి తేవాలె? బయటికొచ్చి చూసిన. రైలు పట్టాల మీద కరెంటు తీగె. ఇరువై ఐదు వేల వోల్టులు. ఆ తర్వాత నేనేం చేసిన్నో తెలుసా?"

సారంగపాణి చాయ్‌లో ముంచిన బిస్కెట్ నోటిదాకా రాకుండానే విరిగి గ్లాసులో పడింది. అతను చూసుకోలేదు.

"తీగె ముట్టలే. నాకు పెండ్లం పిల్లలున్నరు. స్టేషన్ మాస్టరు కాడికి పోయి మర్యాదగ అడిగిన. ఆయన రాంప్రసాద్ సారు దగ్గర చదువుకున్నోడు. మా సారుకు లేని కరెంటు రైలుకెందుకన్నడు, తీగె గుంజి ఇచ్చిండు. గప్పుడే ఢిల్లీ పోయే బండి వచ్చింది. నెక్కొండల ఆగే బండి కాదది. ఆగింది. ఆగక ఏం జేస్తది, కరెంటంత నా దిక్కున్నది. జనమంత దిగి ఏంది సంగతి అని అడిగిన్రు. హెడ్‌మాస్టరు ల్యాప్‌టాప్‌కు కొత్త సిస్టం ఎక్కుతాందని చెప్తె ఒక్కలు కోపానికి రాలే. బడి గ్రౌండుల కూసొని ఎనభై, ఎనభై ఒకటి అని అందరు కలిసి లెక్కపెడ్తాండ్రు. గార్డు పచ్చజెండా చేతుల పట్టుకొని నా మొహమే చూస్తాండు. వంద అయినంకనే ఊపుత అన్నడు. గిదే టైముల ఆ సిస్టం తయారు చేసినోళ్ల దగ్గర్నుంచి ఫోను."

"వాళ్లకెట్ల తెలిసింది?" అన్నాడు సారంగపాణి.

"వాళ్ల ఆఫీసుల గోడ మీద పటం ఉంటదట, నెక్కొండ కాడ కరెంటు బుగ్గ వెలుగుతాందట. ఎవలు బాబూ నువ్వు, ఆ మిషన్ మీద మా సిస్టం మేమే ఎక్కియ్యలేం, నువ్వెట్ల ఎక్కిస్తానవ్ అన్నరు. మా దగ్గరికొచ్చెయ్, కుర్సీ వేసి పెడ్తం అన్నరు. అక్కడ పూలమ్మక్క చాయ్ దొరుకుతదా అని అడిగిన. దొరకదన్నరు. అయితే పెట్టెయ్యి ఫోన్ అన్న."

పూలమ్మ అతని గ్లాసులో ఇంకొంచెం పోసింది.

"వంద అయిందా మరి?" వెంకట్రాజం గొంతు తగ్గించి అడిగాడు. ఆయనకు నిజంగానే భయంగా ఉంది.

"వంద కాడ ఆగితే నేనెందుకు చెప్త కాకా? నూట పది, నూట ఇరువై. లోపల జాగ సాలక సిస్టం బయటికి కారుడు షురువైంది. టీవీకి ఎక్కింది, మిక్సీకి ఎక్కింది, ఊర్లున్న గడియారాలన్ని ఒక్క టైముకొచ్చినయ్. తీగె కొట్టం మీదికెళ్లి పోయింది గద, అండ్ల ఉన్న బర్రెకు గూడ ఎక్కింది. తెల్లారి సంది ఆ బర్రె, ఇప్పుడు పిండుతరా, తర్వాత వస్తరా అని అడిగినట్టు చూసుడు. ఇప్పుడే అంటే కుడి చెవు ఊపుడు, తర్వాత అంటే ఎడమ చెవు ఊపుడు. ఆఖరికి ఫ్యాను జోరుకు ల్యాప్‌టాప్ బల్ల మీదికెళ్లి లేచింది. కిటికీలకెళ్లి బయటపడి, పత్తి చేన్ల మీదికెళ్లి, వరి మళ్ల మీదికెళ్లి, ఊరు సుట్టు మూడు సుట్లు తిరిగింది. నాట్లేసే ఆడోళ్లు నడుములు లేపి చూస్తాండ్రు. ముసలోళ్లు చేతులు జోడించిన్రు. ప్రేమలతమ్మ కొంగు పట్టి, రా బిడ్డా అని పిలిస్తే మెల్లగ దిగి ఆ కొంగుల కూసున్నది. స్విచ్చి నొక్కక ముందే తెరుచుకున్నది. సారు అనుకున్నది రాస్తాంది, ఇంకా అనుకోనిది గూడ రాస్తాంది. సారు నా రెండు చేతులు పట్టుకొని, సదానందం, నువ్వు మనిషివి కాదు అన్నడు. అట్లనకుండ్రి సారూ, మనిషినే అన్న."

నాకైతే ఆ ల్యాప్‌టాప్ వరి మళ్ల మీద నీడ వేసుకుంటూ పోవడం కనిపించింది. ఇన్నేళ్లుగా అతని కోతలు వింటున్నవాణ్ణి, నేనే తల పైకెత్తి చూశాను.

వెంకట్రాజం రెండు చేతులతో సంచి ఎత్తి సదానందం ముందు పెట్టాడు. "నువ్వు మామూలోనివి కాదు తమ్మీ. ఇగ నా పానం నీ చేతుల పెడ్తాన."

సదానందం ల్యాప్‌టాప్ బయటికి తీసి స్విచ్చి నొక్కాడు. అది మూలుగుతూ తెరుచుకునేలోగా జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు.

"ఒక్క మాట తమ్మీ" అన్నాడు వెంకట్రాజం. "నేను చదువుకున్నోన్ని కాదు, నవ్వకు. మా మగ్గానికి దువ్వెన లెక్క అచ్చుంటది, పడుగు, అంటే నిలువు పోగులన్ని అండ్లకెళ్లే వస్తయి. పాత పడుగు అయిపోతే బట్ట కోసుకుంటం గని, కొసలు మాత్రం అచ్చుల అట్లనే ఉంచుతం. కొత్త పడుగు తెచ్చి, పాత పోగుకు కొత్త పోగు, ఒక్కొక్కటి ముడేస్తం. ఎన్ని పోగులుంటే అన్ని ముళ్లు. పొద్దంత పడ్తది. ముడెయ్యక ముందే పాత కొసలు గుంజేసినమనుకో, కొత్త దారం ఎంత మంచిదైతేంది, మగ్గం ఉత్తదే. నువ్వు చెప్పిందంత విన్న, ఎక్కిచ్చుడంత మంచిగ చెప్పినవ్. ఎక్కిచ్చే ముందు సారు పాతయి దేనికి ముడేసి పెట్టినవ్? అది చెప్పలే నువ్వు."

ఎగతాళి కాదది. పనివాడు ఇంకో పనివాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"సిస్టం ఎక్కినంక..." అని మొదలుపెట్టి సదానందం ఆగిపోయాడు. అతను మాట మధ్యలో ఆగడం మేమెవరం ఎప్పుడూ చూడలేదు.

"ఔ సదానందం, సారు పాతయి ఏమైనయ్?" అన్నాడు సారంగపాణి.

"ఏమున్నయి అండ్ల?" వెంకట్రాజం మెల్లగా అడిగాడు.

"ఫొటోలు" అన్నాడు సదానందం. "ఇరువై రెండేండ్ల ఫొటోలు. ప్రతి ఏడు పదో తరగతి పోరగాండ్లను బడి మెట్ల మీద నిలవెట్టి సారు తీసినయి. కరెంటు పోయిందన్నది మాత్రం నిజమే కాకా. ఆడ్నే ఆగింది. ఎన్ని తిప్పలు పడ్డ మల్ల లేవలే. ముందుగాల అవి తీసి పక్కకు పెట్టుకోవాలని నాకు యాదికే రాలే. సారు ఒక్క మాట అనలే. అన్నం తిని పోరా అన్నడు. తిట్టినా బాగుండు. గప్పట్నుంచి రైలు నెక్కొండల ఆగితే నేను కిటికీ దిక్కు చూడ."

అతని మీద జాలేసింది. నా మీద నాకు సిగ్గేసింది కూడా. ఈ కథ మేము వేరు వేరు రూపాల్లో నాలుగైదుసార్లు విన్నాం, ప్రతిసారీ నవ్వి లేచిపోయాం తప్ప ఆ హెడ్‌మాస్టరు ఏమయ్యాడని ఒక్కరమూ అడగలేదు.

వెంకట్రాజం ల్యాప్‌టాప్ మూత వేసి, సంచిలో పెట్టి, సంచి మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. మొహంలో కోపం లేదు.

"నర్సంపేట బస్సు ఎప్పుడున్నదమ్మా?" అని పూలమ్మనడిగాడు.

"ఇంకో పావుగంటల వస్తది."

"బిడ్డ దగ్గరికే పోత. ముందుగాల నకలు తియ్యమంట. అది చేతికొచ్చినంక ఏ సిస్టమన్న ఎక్కనియ్. సోమవారానికి కాకపోతే, వచ్చేటోళ్లనే నాలుగు రోజులాగి రమ్మంట."

సదానందం పెన్‌డ్రైవు జేబులో వేసుకుని లేచి నిలబడ్డాడు. "నేను గూడ రావచ్చునా కాకా? ఆమె ఎట్ల తీస్తదో చూసి నేర్సుకుంట."

వెంకట్రాజం సంచి భుజానికి తగిలించుకుని, దాని మీద చెయ్యి వేసుకుని లేచాడు.

"రా తమ్మీ" అన్నాడు. "గని బస్సుల ఏం మాట్లాడకు. నువ్వు చెప్తాంటే నాకు మల్ల నమ్మబుద్ధయితది."