వెడల్పు లెన్సు

పాత కెమెరాలు కొని అమ్మే దుకాణం. గాజు బల్లకు అవతల దుకాణదారు, ఇవతల భార్యాభర్తలు. బల్ల మీద రెండు చిన్న కెమెరాలు.

"మీరు తీసిన ఫొటోలు చూడకుండా ఏది కొనమనీ చెప్పను సార్. నా పద్ధతి మీకు తెలుసుగా. వారం వాడి చూడమని ఊరికే ఇచ్చేది అందుకే."

"ఫొటోలదేముంది బాబూ! గోడలూ, పావురాలూ. నాకు అర్థమైపోయింది. వాడింది వద్దు, ఆ రెండోది ఇచ్చెయ్యి."

"చూపించనివ్వండి. గోడలకి అంత తొందరేమిటి?"

"నువ్వెందుకొచ్చావసలు, ఎండన పడి?"

"పాలు కాగకముందే కెమెరా జేబులో వేసుకుని మాయమైపోతున్నారు. అంత మంచి గోడలు ఎక్కడున్నాయో చూద్దామని వచ్చాను. రాకూడదా?"

"రాకూడదన్నానా!"

"మేడమ్, ఆ సంచి కాస్త పక్కన పెడతారా? గాజు మీద గీతలు పడతాయి. గుడ్డ భలే ఉందే. నీలం మీద పసుపు పూలు."

"పాత కర్టెన్. కత్తిరించి కుట్టుకున్నాను."

"రెండు కుట్టింది. ఒకటి ఎక్కడా కనపడదు."

"చిరిగిపోయిందని చెప్పానుగా."

"చెప్పావు. నేనేమన్నానిప్పుడు?"

"ముందు ఈ రెంటికీ తేడా చెప్పండి. నా కంటికి రెండూ సబ్బుపెట్టెల్లానే ఉన్నాయి."

"రెండింటికీ జూమ్ లేదమ్మా. లెన్సు ముందుకీ వెనక్కీ రాదు, మనమే నడవాలి. సార్ వాడింది ట్వంటీ ఎయిట్ ఎమ్ఎమ్ లెన్సు. వెడల్పు. గది మూలన నించుని నొక్కితే గదంతా పడుతుంది. ఇదేమో ఫార్టీ. ఇరుకు. ఎదురుగా ఉన్న మనిషి పడి, పక్కనున్నవన్నీ పోతాయి."

"అదీ! అదే నా గొడవ. వద్దనుకున్నవన్నీ పడుతున్నాయి దాంట్లో."

"పావురం పక్కన వద్దనుకునేది ఏముంటుందండీ?"

"ఏముంటాయి... వైర్లు. స్కూటర్లు."

"కానీ సార్, ఫార్టీది కొంచెం లావు. చొక్కా జేబులో ఉబ్బుగా కనిపిస్తుంది. మీరు వాడిందైతే ఉందో లేదో తెలీదు. రోజూ వెంట ఉండాల్సిన వస్తువు కదా, బరువనిపిస్తే పదో రోజుకి అలమరాలోకి పోతుంది. ఆగండి, కార్డు దీంట్లోనే ఉన్నట్టుంది."

"కార్డా? తీసేశాననుకున్నానే! ఇటివ్వు."

"ఇవ్వకండి. ఆ తెర మీద పెట్టండి."

"అది నా..."

"మీ పావురాలే కదా. అవేం సిగ్గుపడవు."

"గోడ... ఇదీ గోడే... తలుపు... ఇది మీ బాల్కనీయా మేడమ్? అబ్బ, ఎన్ని మొక్కలు!"

"ఏవో చిన్నచిన్నవి."

"అడుగు పెట్టే చోటు లేదు బాబూ. వారానికో కుండీ వచ్చి కూర్చుంటోంది. ఇదివరకు ఒక్క మొక్కకి నీళ్లు పోసిన పాపాన పోలేదు ఈవిడ."

"ఇష్టాలు మారకూడదా? మీకు మాత్రం ఈ వయసులో కెమెరా పిచ్చి పట్టలేదూ?"

"సరే సరే. చూశావుగా బాబూ, చాలు. తీసెయ్యి."

"ఆగండి. వెనక్కి వెళ్లండి. ఒక్కటి వెనక్కి. ఆ... అదే."

"ఎవరమ్మా, మొక్కల నర్సరీలో ఈ అమ్మాయి?"

"మా అమ్మాయి."

"అరె! మీ అమ్మాయా! వెలుగు ఎంత బాగా పడిందో చూడండి మొహం మీద. సార్ ఒక్కముక్కా చెప్పలేదు."

"సార్ చెప్పరు. ఆ పేరు మా ఇంట్లో ఎత్తకూడదు. కాపురం వదిలేసి వచ్చింది. తిరిగి అక్కడికే పో, లేదంటే నా గడప తొక్కకు అన్నారు. తొక్కకుండానే వెళ్లిపోయింది."

"బయటివాళ్ల ముందు ఏమిటిది?"

"ఇంట్లో అడిగితే లేచి వెళ్లిపోతారు. ఇక్కడైతే వెళ్లలేరుగా. చెప్పండి, ఇది ఏ జాతి పావురం?"

"దారిన పోతుంటే కనపడింది. రోడ్డుకి అవతల నించుని తీశాను. అది చూడను కూడా లేదు."

"రోడ్డుకి అవతల నుంచా? దీంతోనా? అయ్యుండదు సార్."

"నువ్వూరుకో బాబూ."

"ఊరుకోకండి. ఎందుకయ్యుండదు?"

"అంటే... మరేం లేదమ్మా. వెడల్పు లెన్సు కదా, రోడ్డు అవతల నుంచైతే మనిషి అగ్గిపుల్లంత పడుతుంది. ఇక్కడ కనుబొమ్మ మీది మచ్చ కూడా తెలుస్తోంది. పైపు పట్టుకున్న చెయ్యి చూడండి, తలంత ఉంది. మరీ దగ్గరికెళ్లి తీస్తేనే ముందున్నది అలా ఉబ్బుతుంది. ఆ నీళ్లు సార్ చెప్పుల మీద పడే ఉంటాయి."

"పడ్డాయి! తడి చెప్పులతో వచ్చారు మొన్న. చినుకైనా లేదు. అడిగితే రోడ్డు మీద పైపు పగిలిందన్నారు."

"పగిలింది కూడా."

"ఇంకా ఉన్నాయమ్మా. ఇదీ అమ్మాయే. ఇదీ. చొక్కా మారింది, రోజు మారింది. సార్ రోజూ వెళ్లినట్టున్నారు."

"నిన్ను ఎవరడిగారయ్యా!"

"రోజూనా? అది అక్కడుందని ఎవరు చెప్పారు మీకు?"

"తెలిసింది."

"ఎలా తెలిసింది?"

"తెలిసిందన్నానుగా."

"ఎవరో ఒకరు చెప్పకుండా ఎలా తెలుస్తుంది?"

"ఎలాగో తెలిసింది. వదిలెయ్యి."

"వెళ్లి ఏం మాట్లాడారు?"

"ఏం మాట్లాడతాను. మొక్క ఖరీదు అడిగాను."

"కన్నకూతుర్నా?"

"చెప్పింది. దీన్ని నీడలో పెట్టండి, నీళ్లు ఎక్కువ పొయ్యకండి అని కూడా చెప్పింది."

"రోజూ ఒకే మొక్క ఖరీదు అడిగారా?"

"రోజుకో మొక్క."

"ఒక్కటైనా కొన్నారా?"

"కొంటే ఇంటికి తేవాలిగా. తెస్తే నువ్వు అడగవూ?"

"ఈ కెమెరా ఎందుకు మధ్యలో?"

"ఊరికే చేతులూపుకుంటూ ఎలా పోను? పో అన్నవాణ్ణి నేనే. చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఫొటోలు తీసుకుంటూ ఇటొచ్చాననొచ్చు. గేటు దగ్గర నించుని, ఒకటి తీసుకోవచ్చా అన్నాను."

"ఏమంది?"

"అంత దూరాన్నుంచైతే చీమంత పడతాను, దగ్గరికి రండి నాన్నా అంది."

"మీకు టీ చెప్పొస్తాను మేడమ్."

"వద్దు, మీరుండండి. మీరు వెళ్తే ఈయనా వెళ్లిపోతారు. దగ్గరికి రమ్మంది. వెళ్లారు. అప్పుడైనా ఇంటికి రా అన్నారా?"

"లేదు."

"ఎందుకని?"

"మాట రాలేదు."

"పో అనడానికి వచ్చిందే! పక్కింటివాళ్లు కిటికీలు తెరుచుకుని మరీ వినేంత గట్టిగా వచ్చింది. రా అనడానికి రాలేదా?"

"నాకు తెలీదనుకున్నావా అది?"

"తెలిసి ఏం లాభం? అక్కడ గదికి పైన రేకులు. ఎండకి పెనంలా కాలుతుంది. ఆ ఇనుప మంచం మీద దుప్పటి తడిపి వేసుకుని పడుకుంటుంది పిల్ల."

"గది నువ్వెప్పుడు చూశావు?"

"నేనా? నేనెక్కడ చూస్తాను! అలాంటి చోట పనిచేసేవాళ్ల గదులు అలానే ఉంటాయి కదా అని..."

"మంచం ఇనుపదని కూడానా?"

"మాట మార్చకండి! అడిగింది నేను."

"నేను మార్చలేదు."

"సార్... మేడమ్... ఇంతకీ ఏది ఇవ్వమంటారు?"

"ఆ ఇరుకుది."

"కాదు, వెడల్పుదే ఇవ్వండి. దాంతో అయితే దూరాన నించుని తప్పించుకోవడానికి కుదరదు. ఇరుకుది చేతికొస్తే ఈయన మళ్లీ గేటు దగ్గరే ఆగిపోతారు."

"దూరం కోసం కాదు నేనడిగేది."

"మరి దేనికి?"

"పక్కనున్నవి పడకూడదు."

"ఏం పడింది అక్కడ మీకంత అడ్డంగా? కుండీలేగా! బాబూ, ఫొటో పక్కకి జరపండి. అంచు చూద్దాం."

"వద్దు."

"జరపండి."

"వద్దంటే వినవేం? నీ కోసమే చెప్తున్నా."

"నా కోసం! ఇన్ని నెలల్లో ఒక్కసారైనా నా కోసం ఆలోచించారా? రాత్రి నేను నిద్రపోతున్నానో లేదో చూశారా? జరపండి బాబూ, ఆయన మాట వినకండి."

"కొళాయి... బకెట్టు... గోడకి మేకు. మేకుకి ఏదో వేలాడుతోంది, పెద్దది చేస్తానుండండి. సంచీ. నీలం మీద పసుపు... మేడమ్, ఇది..."

"చాల్లే బాబూ. ఆపెయ్యి. ఏమోయ్, ఆ సంచి ఎవరిదంటావు?"

"అది... ఆ గుడ్డ బజార్లో దొరికేదే."

"పదిహేనేళ్లు మన ముందుగదిలో వేలాడిన కర్టెనోయ్ అది. కాఫీ మరక కూడా కనిపిస్తోంది."

"మీరు అరుస్తారని..."

"గురువారం గురువారం కుట్టుక్లాసుకని చెప్పి పోయేది అక్కడికే. ఒక సంచి అక్కడ, ఒక సంచి ఇక్కడ. నిండు డబ్బా పోతుంది, ఖాళీ డబ్బా వస్తుంది. అంతేనా?"

"దానికి తిండి సరిగ్గా ఉండదండీ. పొద్దున్నే పైపు పట్టుకుంటే మధ్యాహ్నం దాకా కూర్చోదు. నేను చూడలేకపోయాను. ఇక అనేది అనండి."

"ఏమీ అనకూడదనే ఇదంతా. నాకు తెలిసిందని తెలిస్తే నేను అరవాలి. అన్న మాట అలాంటిది. అరిస్తే నువ్వు మానేస్తావు. ఆ డబ్బా కూడా ఆగిపోతుంది దానికి. అమ్మాయి ఫొటో ఒకటి ఇంట్లో పెట్టుకుందామంటే, ఎటు తిరిగి తీసినా నీ సంచే పడుతోంది. అందుకడిగాను ఇరుకుది."

"ఈ ఫొటోలో చూసి కనిపెట్టారా?"

"కాదు."

"మరి?"

"అడ్రసు ఎవరు చెప్పారని ఇందాకట్నించీ అడుగుతున్నావుగా. నువ్వే."

"నేనా! నేనెప్పుడూ నోరు జారలేదే!"

"నువ్వు తెచ్చిన మొదటి కుండీ కిందపడి పగిలింది, గుర్తుందా? ముక్కలు ఎత్తి పారేసింది నేను. అడుగున నర్సరీ పేరు అచ్చు వేసి ఉంది. ఒక్క మొక్క పెంచని దానివి అంత దూరం పోయి కుండీ ఎందుకు తెచ్చావా అని, చూసొద్దామని వెళ్లాను. గేట్లోంచి అది కనపడింది. వెనక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లడానికి సాకు దొరక్క నెలలు గడిచాయి. పోయిన వారమే కెమెరా అడగడానికి ఈ దుకాణానికి వచ్చాను."

"అంటే ఇన్నాళ్లూ నేను తెచ్చిన ప్రతి కుండీ..."

"ప్రతి కుండీ చూసి, వెళ్లొచ్చిందిలే అనుకునేవాణ్ణి. బాబూ, ఆ ఇరుకుది లోపల పెట్టెయ్యి. నేను వాడిందే ఉండనీ."

"వెడల్పుదేనా సార్? పక్కనున్నవన్నీ పడతాయి మరి."

"పడనీ. ఏమోయ్, రేపు గురువారమేగా? నేనూ వస్తాను. నాకు మాట రాదు, పిలిచేది నువ్వే పిలువు. ఒక్కటి మాత్రం చెప్తున్నా. రేపు మళ్లీ కుండీ కొనకు, బాల్కనీలో చోటు లేదు. అమ్మాయిని తెచ్చుకుందాం."