టీ గంట

పరుపుల కార్ఖానా, ఆఫీసు గది. పనివాళ్లంతా టీకి పెరట్లోకి వెళ్లారు. లోపల ఉన్నది యజమాని, అక్కడే సూపర్‌వైజరుగా చేసే అతని మరదలు.

“ఒక్కరోజు శిక్షణకి పంపితే ఫైరింజనువై తిరిగొచ్చావే!”

“నవ్వు బావా, నవ్వు. ముందు ఆ గంట సంగతి తేల్చు.”

“ఏ గంట?”

“నీ బల్ల పక్కన ఎర్ర బొత్తం నొక్కితే మోగేది. అది నిప్పంటుకున్నప్పుడు మోగించాల్సింది. నువ్వేమో టీ టైమైపోయిందని రోజుకి రెండుసార్లు మోగిస్తున్నావు.”

“మోగిస్తే ఏం? ఏడాదికోసారైనా మోగని గంటని గోడకి బిగించి దాని మొహం చూస్తూ కూర్చోమంటావా? ఇప్పుడు చూడు, మోగిన నిమిషంలో నలభై మందీ మిషన్ల ముందుంటారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి వచ్చిన దారినే ఇంటికి పంపేస్తా. అందుకే ఒక్కడూ ఆలస్యం చెయ్యడు.”

“అదే నా భయం.”

“భయం! మీ అక్కా ఇంతే. పాలు పొంగితే వీధి వీధంతా లేపుతుంది.”

“అక్కనొదిలెయ్. కోత తీగ మాటేంటి?”

“దానికేమొచ్చింది?”

“స్పాంజి కోసే తీగ కణకణా కాలుతూ ఉంటుంది. టీకి వెళ్లేటప్పుడు ఆపొద్దన్నావట.”

“ఆపితే మళ్లీ వేడెక్కడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నీ వాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు.”

“దాని పక్కనే స్పాంజి పైకప్పు దాకా పేర్చారు. అంటుకుంటే రెండు నిమిషాల్లో అంతా బూడిదే, బావా. మంట కన్నా ముందు పొగే మనిషిని పడేస్తుందట.”

“అట! పన్నెండేళ్లుగా నడుపుతున్నాను దీన్ని. నిన్న ఎవడో ఫైరాఫీసోడు చెప్పింది ఇవాళ నాకు అప్పజెప్తున్నావు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది.”

“వెనక తలుపుకి తాళం కూడా...”

“ఉంటుంది. తియ్యను. తీస్తే దిళ్లు కాళ్లొచ్చి నడిచిపోతాయి.”

“నీకు దిళ్లు తప్ప మనుషులు కనిపించరా? నిప్పంటుకుంటే వాళ్లెటు పోవాలి?”

“ఎటూ పోనక్కర్లేదు. పని చెయ్యాలి. అయిందా ఉపన్యాసం?”

“బావా.”

“మళ్లీ ఏంటి?”

“వాసనొస్తోంది.”

“మొదలెట్టింది. ఇప్పుడు వాసన, కాసేపాగితే పొగ, ఆ తర్వాత...”

“బావా, వెనక్కి తిరుగు. కిటికీ అద్దంలోంచి చూడు.”

“ఏముందక్కడ... అరె. అరె, కోత గది... అదేంటది...”

“లే. గుమ్మం వైపు నడు. అదృష్టం, అందరూ పెరట్లోనే ఉన్నారు, లోపల ఒక్కరూ లేరు. ఫోనిటియ్యి, ఫైరాఫీసుకి చేస్తా. అలా నిలబడిపోయావేంటి?”

“నా పరుపులు...”

“పోతే పోయాయి. నడు!”

“ఆగు, ఆగు... నువ్వు చెప్పావుగా, నిప్పంటుకుంటే మోగించాలని...”

“బావా, వద్దు. చెయ్యి తియ్యి. దాన్ని ముట్టుకోకు!”

“నొక్కేశా! నువ్వు చెప్పినట్టే నొక్కేశా! ఇంకా అలా చూస్తావేంటి?”

“ఆపు దాన్ని, ఆపు! పెరట్లోకి చూడు, గ్లాసులు కింద పడేసి మరీ నలభై మందీ లోపలికి పరిగెత్తుకొస్తున్నారు. ఒక్కడూ ఆలస్యం చెయ్యట్లేదు.”