పిండిలో ఎలుక అడుగులు

అదేంటమ్మగారూ, సామాను దించకుండానే ఆ కాగితం పట్టుకున్నారు! ఏంటీ, ఎలుకల మందు మనిషి తొమ్మిదిసార్లు ఎందుకొచ్చాడా? మీరు సెలవులకొచ్చి నెల్రోజులుండి వెళ్ళిపోతారు. మిగతా పదకొండు నెలలూ ఈ ఖాళీ ఇంటిని కాసేది నేనొక్కదాన్నేనాయె.

నేనేమైనా తక్కువ చేశానా? గింజ మిగలకుండా డబ్బాలు ఖాళీ చేశా. ఫ్రిజ్ కడిగి తలుపు తెరిచిపెట్టా. సింకు గొట్టం పక్క కన్నంలో గిన్నెలు తోమే ఇనప పీచు కుక్కా. చీమ దూరే సందు లేదు.

ఆఁ... మరి ఎలుకెలా దూరిందంటారా? మీరు మరీ లాయరులా అడుగుతారండీ!

సరే, వినండి. నవ్వకూడదు. మొదటిసారి మామూలుగానే వచ్చాడు, ఏడాది కాంట్రాక్టు కదా. బూట్లు గుమ్మం బయటే విడిచాడు. అంతా తిరిగి చూసి, 'ఇల్లు బాగా పెట్టారండీ' అన్నాడు. 'అండీ' అన్నాడమ్మగారూ, నన్ను! మా ఆయన పోయి పన్నెండేళ్ళు. ఉన్నన్నాళ్ళూ 'ఏయ్' అనే పిలిచాడు.

నెల తిరక్కుండా నేనే ఫోన్ చేశా, వంటింట్లో చప్పుడవుతోందని. వచ్చాడు, వెతికాడు. నేలంతా పల్చగా పిండి చల్లి, 'రేపొచ్చి అడుగులు చూస్తానండీ' అని వెళ్ళాడు. నా గుండెల్లో రాయి పడింది! ఎలుకంటూ ఉంటేగా అడుగులు పడేది?

ఏం చెయ్యను? పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని, మూడేసి వేళ్ళతో ముద్రలేసుకుంటూ పోయా, స్టవ్ దగ్గర్నుంచి గుమ్మం దాకా. ఈ వయసులో!

వచ్చాడు. వంగి చూశాడు. చాలాసేపే చూశాడు. 'ఇది ఎలుక కాదండీ, కోడి' అన్నాడు.

సిగ్గుతో చచ్చాననుకోండి! అతను మాత్రం నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి, మీ చేతిలో ఉన్న ఆ కాగితం మీదే రాశాడు, 'ఎలుక జాడలున్నాయి, మళ్ళీ రావాలి' అని. అప్పట్నుంచీ వచ్చిన ప్రతిసారీ అదే రాశాడు, చూస్కోండి. చివరిసారి మందు డబ్బా కూడా తేలేదు మహానుభావుడు!

మొన్న అడిగాడు, పెళ్ళి చేసుకుందామా అని. నేను ఊఁ అన్నా. ఆలోచించుకుంటా అనైనా అన్లేదు, చూడండి నా తొందర!

కంచే చేను మేసిందంటారు, అనండి. నమ్మి ఇల్లప్పజెప్పారు, అబద్ధమాడా. పదేళ్ళ కొలువు, పోతే మళ్ళీ ఎక్కడా దొరకదని నాకు తెలుసు. ఇదిగో తాళాలు, బల్ల మీద పెడుతున్నా. నన్నుంచుతారో, తాళాలు తీసేసుకుంటారో మీ ఇష్టం.

తప్పు చేశానని ఏడుద్దామని వారం నుంచీ చూస్తున్నానమ్మగారూ. ఏడుపు రావట్లేదు. నవ్వొస్తోంది.