చెరిపేసిన అంచులు

చీరాలలో ఒక చీరల కొట్టు వెనక గది. అంచుల డిజైన్లు గీసే ఖుర్షిదా కంప్యూటర్ ముందు కూర్చుంది. లెక్కలు చూసే యజమాని చెల్లెలు పక్కనే నిలబడింది.

"ఇప్పుడే కనిపించాయి కదే, మళ్లీ ఏమైపోయాయి నీ మగ్గం అంచులు?"

"మంగళవారం బ్యాకప్ దాకా విప్పితే ఉన్నాయక్కా. బుధవారంది విప్పగానే పోయాయి."

"అది పాడైందేమో?"

"లేదు, శుభ్రంగానే ఉంది. ఆదివారం మొత్తం ఫైళ్లను టార్ అనే ప్రోగ్రామ్‌తో ఒకే కట్టగా కట్టి దాస్తాను. తర్వాత రోజూ మారినవే దాస్తాను. ఏ ఫైళ్లు తీసేశారో కూడా టార్ గుర్తుపెట్టుకుంటుంది. మీ అన్నయ్య బుధవారం ఈ అంచులు చెరిపేశారు కదా, ఆరోజుది విప్పితే అదీ చెరిపేస్తోంది."

"అవి అమ్ముడుపోవట్లేదనేగా చెరిపాడు!"

"అమ్మడం మానుకోమనండి. ఏళ్ల తరబడి నేను గీసినవి చెరపడం దేనికి?"

"సరే, ఇప్పుడేం చేస్తావ్?"

"వేరే ఫోల్డర్‌లో ఆదివారం నుంచి వరసగా విప్పి, మంగళవారం దగ్గర ఆపేస్తాను. కమాండ్ రాసేశాను."

"అయితే త్వరగా కానీయ్. అన్నయ్య పక్క గదిలో భోంచేస్తున్నాడు, ఇప్పుడే వచ్చేస్తాడు."

"రానివ్వండి. దొంగచాటుగా చెయ్యను. ఆయన చూస్తుండగానే విప్పుతాను."

"నిన్ను పనిలోంచి తీసేస్తాడే పిచ్చిదానా!"

"తీసేయనీయండి. అంచులు మాత్రం ఉంటాయి."

"అబ్బో, ఏం పొగరే నీకు! జరుగు, ఆ ఎంటర్ నేను కొడతాను. అన్నయ్యా, ఒకసారి ఇట్రా! చెల్లెల్ని ఎలా తీసేస్తాడో నేనూ చూస్తాను."