ఉపవాసం రోజు పొగ

ఇస్త్రీ కొట్టు. బల్ల మీద చర్చి పాటల బృందం తెల్ల అంగీలు. గుమ్మంలో సంఘ పెద్ద.

“అదే అడుగుతున్నాను సహోదరీ. దేశమంతా ఉపవాసం ఉన్న రోజు, మిట్టమధ్యాహ్నం, నీ ఇంట్లోంచి పొగ ఎందుకు లేచింది?”

“రోజూ ‘ఏమ్మా ఇస్త్రీ’ అనేవారు. ఇవాళ సహోదరినయ్యాను. ఏదో ముంచుకొస్తోంది.”

“మాట మార్చకు.”

“మార్చడానికేముంది పెద్దయ్యగారూ? ఇస్త్రీ పెట్టెకి బొగ్గులు రాజేశాను. మీ పాటలవాళ్లు ఆ సాయంత్రం ప్రార్థనలో నలిగిన అంగీలతో నిలబడేవారా?”

“బొగ్గుల్లో ఉల్లిపాయలు కూడా వేస్తావా?”

“ఉల్లిపాయలా?”

“వేగిన వాసన వచ్చిందట. పక్కింటి దర్జీ చెప్పాడు.”

“ఓహో. కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ ముక్కు మాత్రం తెరిచి పెట్టుకున్నాడన్నమాట.”

“నవ్వులాట కాదమ్మా. రెండేళ్లుగా చినుకు లేదు. దేవుడు దీవిస్తేనే దేశం. ఆయన చెయ్యి తీసేస్తే ఎన్ని ఆనకట్టలున్నా, ఎంత సైన్యమున్నా మట్టే. అందుకే పల్లె, పట్నం అనకుండా ఆ రోజు అందరం నోరు కట్టుకున్నాం. ఉపవాసం అయి నాలుగు రోజులైంది. మబ్బు తునక లేదు. ఎందుకంటావ్?”

“నన్నడిగితే?”

“ఎవరో తిన్నారు గనక. బైబిల్లో ఒక్కడి తప్పుకి జనమంతా యుద్ధంలో ఓడిపోలేదూ?”

“నా పొయ్యి మీద ఒక్క గుడ్డు వేగితే దేశానికంతా వాన ఆగిపోయిందా! నా పొయ్యికి అంత బలముందని తెలీదు సుమండీ.”

“గుడ్డా? నేను గుడ్డు అనలేదే.”

“అనలేదూ?”

“లేదు. ఉల్లిపాయ అన్నాను.”

“సరే. ఉల్లిపాయా, గుడ్డూ. రెండూ.”

“ఒప్పుకున్నావు! ఆదివారం అందరి ముందు నిలబడి చెప్పాలి. లేదంటే సంఘం పట్టీలోంచి నీ పేరు కొట్టేస్తాం. ఆ తర్వాత ప్రభువు బల్ల దగ్గర రొట్టే లేదు, సమాధుల తోటలో మీ ఆయన పక్కన ఆరడుగుల నేలా లేదు.”

“చచ్చాక కూడా ఆయన పక్కన పడుకోకూడదా నేను?”

“నియమం అది.”

“వండాను, నిజమే. తినలేదు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.”

“మరి ఎవరు తిన్నారు?”

“ఆకలేసినవాళ్లు.”

“ఎవరు?”

“గుమ్మంలోకొచ్చారు. పెట్టాను. అంతే.”

“మన సంఘంవాళ్లేనా?”

“అంగీ మాడుతోంది, ఉండండి.”

“ముందు ఆ పెట్టె పక్కన పెట్టు. మన సంఘంవాళ్లేనా?”

“అవును.”

“అలా చెప్పు! నాకు మొదట్నుంచీ అనుమానమే. ఆ పేరు చెప్పెయ్యి. నీ పేరుకి ఏమీ కాదు.”

“ఆ మనిషిని ఆదివారం నిలబెడతారా?”

“నిలబెడతాం.”

“నిలబడలేని మనిషి అయితే?”

“పట్టుకుని నిలబెడతాం. దేశం దీవెన కంటే ఒక మనిషి ఎక్కువా?”

“ఎవరైనా సరేనా?”

“నా కన్నబిడ్డైనా సరే.”

“బిడ్డ కాదు లెండి.”

“మరి?”

“మీరు వంటింటికి తాళం వేసి ప్రార్థనకి వెళ్లిపోయారట. ఆ ముసలామెకి ఏ వారమో గుర్తుండదు, ఆకలి మాత్రం గుర్తుంటుంది. గోడ పట్టుకుని వచ్చింది. తిని, చెయ్యి కడుక్కుని, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ‘ఈ దేశంలో ఎవరి పొయ్యీ ఆరిపోకుండా చూడు ప్రభువా’ అంది. ఆదివారం మీ అమ్మని మీరే నడిపించుకొస్తారా, నన్ను తీసుకురమ్మంటారా?”