మట్టెవాడ జంపఖాన కింద మూడు గూడేలు

“వినయ్, ఆ కాయితం మీద లీడర్ అని రాసి పక్కన ఖాళీ ఇడిసినవ్ గదా, ఆడ నా పేరు, కుమారస్వామి అని రాయి బిడ్డా. ఇంకెవలినీ అడగకు. భూకంపం వస్తే ముంగట ఉరికేటందుకు మన మట్టెవాడల ఒక జట్టు కావాలంటివి, దానికి ఒక పెద్ద కావాలంటివి. ముప్పై ఏండ్ల సంది జంపఖానల దుకాణం నడుపుతాన, ఈ గల్లీల ఒక్కసారన్న నన్ను దేనికన్న పెద్దను చేసిన్రా? గణపతి కమిటీల సుత ప్రసాదం పంచుమన్నరు గని మైకు ఇయ్యలే. ఈసారి మాత్రం ఇడిసిపెట్ట. రాజక్కా, ఇంకో చాయ్ పొయ్యి, శక్కెర జర ఎక్కువ. ముచ్చట పెద్దది.

“మొన్న చలికాలం పొద్దుగాల భూమి ఊగింది యాదికున్నదా? ఏటూరునాగారం అవతల ఒక గూడెంల గోడలు బీటలు వారినయంటే నా పాణం ఆగలే. ఇరవై జంపఖానలు ట్రాలీల ఏసుకొని పోయిన. గంతే, పెద్ద పనేం గాదు. పోయి చూస్తే గూడెం గూడెమే బయట పడి ఉన్నది. ముసలోళ్లు, పసిపోరగాండ్లు, చలి. నాలుగు బొంగులు పాతి జంపఖాన గుంజి కట్టిన, ఒక ఇల్లు. ఇంకో నాలుగు బొంగులు, ఇంకో ఇల్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క గూడెపోళ్లు వచ్చిన్రు. వాళ్లెనుక ఇంకో గూడెం. మరి తిప్పి పంపుతనా? దబ్బనం తీసి ఇరవైంటినీ ఒక్కటిగ కుట్టి, అంచు పట్టి గుంజిన. రెండెకరాలు సాగింది.”

“జంపఖాన సాగుతదా?” అంది చాయ్ కొట్టు నడిపే రాజక్క, గ్లాసు నింపుతూ.

“నేను గుంజితే సాగుతది. రెండెకరాలు నాలుగాయె, నాలుగు నలభై ఆయె. పొద్దు మునిగిందనుకొని కోళ్లు గంపల కిందికి పోయినయ్. అడివిల దుప్పులు వచ్చి పండుకున్నయ్. పులి సుత వచ్చింది. లైన్ల నిలబడుమన్న, నిలబడ్డది. దాని ముంగట ఉన్నాయనే నిలబడలే, పాపం.

“ఇగ నీళ్లు. బోరింగుల ఎర్రటి బురద వస్తాంది. జంపఖాన ముక్క ఎనిమిది మడతలు పెట్టి బిందె మీద కట్టి పోసిన, తేటగ దిగినయ్.”

“గుడ్డల వడపోస్తే మట్టి పోతది మామా, రోగం పోతదా? మసలబెట్టాలె గదా,” అన్నాడు వినయ్.

“మసలబెట్టిన బిడ్డా! బిందెలు బిందెలు ఎప్పటికి కావాలె? అందుకే వాగునే మసలబెట్టిన. అడ్డంగ జంపఖాన కట్టి, ఒడ్డు పొడుగూత మంట పెట్టి, వాగు వాగంత.”

“ఇంత చాయ్‌పత్తి ఏస్తే వాగంత చాయే అయిపోతుండె,” అంది రాజక్క.

“నవ్వకు అక్కా, కింది ఊరోళ్లు ఏసుకున్నరు. ఎంత తేటగున్నయంటే, నీళ్లున్నయని తెలువక ఒక బర్రె రోడ్డనుకొని నడుసుకుంట పోయి మెడ దాక మునిగింది. మూడోనాడు భూమి మల్ల కదిలింది. అందరు లొల్లి. నేను కాలుతోని గట్టిగ తొక్కి, ఆగు అన్న. ఆగింది. నెక్కొండ టేషన్ దాటి పోతున్న రైలు సుత ఆగిందట, తననే అన్నరనుకొని. ఇగ రాయి వినయ్!”

వినయ్ పెన్ను మూత తీశాడు. బెంచీ చివర బిస్కెట్ ముంచుకుంటున్న యాకయ్య అప్పుడు నోరు తెరిచాడు. కుమారస్వామి పక్కింట్లోనే ఆయన పవర్‌లూమ్ షెడ్డు.

“బావా, ఆ మూడు రోజులు నువ్వు నా షెడ్డు ముంగటి రేకుల కింద ఉంటివి గదా.”

కుమారస్వామి గ్లాసు దించాడు.

“ఆ పొద్దు తువ్వాల మీద వచ్చి, యాకయ్యా నీ మగ్గాలు బందు చెయ్, నా ఇల్లు ఊగుతాంది అని నా తలుపు కొడితివి. నా మగ్గాలు రిపేరుల ఉన్నయి బావా అన్న. గంతే, భూకంపం అని ఒక్క ఒర్రుడు ఒర్రి రోడ్డు మీద పడ్డవు. మల్ల ఇంట్లకు పోతే ఒట్టు. రేకుల కింద మంచం ఏసింది నేను. నీ ఇంటామె, మా అనసూయక్క, అదే ఇంట్ల నీళ్లు మసలబెట్టి, సల్లార్చి, నీకు తెచ్చి తాపింది.”

రాజక్క నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది. కుమారస్వామికి నిజంగానే సిగ్గేసింది. “రాయకు బిడ్డా,” అన్నాడు మెల్లగా.

“ఆగు బావా, ఇంకోటి సుత చెప్పాలె,” అన్నాడు యాకయ్య. “మన గల్లీల పొద్దంత మగ్గాలు ఆడుతయ్. నేల ఊగుడు మాకు అలవాటే, ఆ పొద్దు ఎవలికీ ఏం తెలువలే. నీ ఒర్రుడు ఇని నలభై ఇండ్లోళ్లం బయటికి వచ్చినం. అటెనుక మా అమ్మ మంచం మీద పైకప్పుకెల్లి ఇంత పెళ్ల ఊడి పడ్డది. ఆమె అప్పటికి బయటనే ఉండె.”

రాజక్క పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. వినయ్ లీడర్ దగ్గర అనసూయ పేరు, షెల్టర్ దగ్గర యాకయ్య పేరు రాశాడు.

“మామా, సైరన్ అని ఇంకో ఖాళీ ఉన్నది. మిషన్ ఇంకా రాలే. నీ పేరు రాయనా?”

కుమారస్వామి ఛాతీ మళ్లీ పొంగింది. “రాయి. ములుగు దాక ఇనవడుతదని సుత రాయి!”

“ఇనవడుతది బావా,” అన్నాడు యాకయ్య. “గని ఈసారి ఒర్రినంక నువ్వు సుత ములుగు దాక ఉరుకకు, జర ఆడనే నిలబడు.”