లియాంగ్ తాత పెట్టిన నూరు రోజులు

"తాతా, రికార్డింగ్ ఆన్ చేసిన. లేక్ కాడ ఆ చైనా తాత దగ్గర నువ్వు ఏం నేర్చుకున్నవో ఫస్ట్ నుంచి చెప్పు. యూనివర్సిటీల అసైన్‌మెంట్ ఇచ్చిన్రు."

ఆన్ అయ్యిందా? ఎర్ర చుక్క కనవడుతుందా? సరే. ఇగ నడుమల మెసేజ్‌లు చూసుకుంట కూసోకు, నాకు కోపమొస్తది, తెల్సు గదా. విను.

చైనా తాత అంటే లియాంగ్ తాత. నేను, మీ బాపమ్మ సిద్దిపేట నుంచి దేశం దాటి ఈ క్రెయిగీబర్న్ కు వచ్చిన కొత్తల ముచ్చట. నువ్వప్పుడు ఇయర్ సిక్స్... కాదు కాదు, ఇయర్ సెవెన్. మీ అమ్మ, మీ నాయిన ఆఫీసులకు పోయేటోళ్ళు, నువ్వు బడికి. మీ బాపమ్మకు ఇంట్ల పని ఒడువదు, నాకేమో పని లేదు. అందుకే పొద్దుగాల లేక్ కాడికి పోయేటోన్ని.

సెప్టెంబర్ నెల. మాగ్పై పిట్టలు పిల్లలు పెట్టే టైం గదా, నెత్తి మీద తన్నుకుంట పోతయి. సైకిలు తొక్కేటోళ్ళు హెల్మెట్లకు పిట్టలు తన్నకుంట వైర్లు చెక్కుకుంటరు సూడు, గా టైం. నేను మీ నాయిన గొడుగు పట్టుకొని పోయిన. మాంసం కాల్చుకునే బార్బీ షెడ్డు ఉంటది సూడు, దాని ఎనక పదిమంది చైనా ముసలోళ్ళు నిలబడ్డరు. ముందట ఒకాయన, బక్కగ, ఎనభై ఏండ్లుంటయి. చేతులు లేపుతుండు. ఎంత మెల్లగ లేపుతుండంటే, ఆయన చేతులు భుజాల దాంక వచ్చేసరికి గొడుగు పట్టుకున్న నా చెయ్యి గుంజింది. ఆయన కాళ్ళ నడుమ రెండు మాగ్పైలు పురుగులు ఏరుకుంటున్నయి. ఆయన కాలు లేపి అవుతల పెట్టిండు. అవి ఎగరలే బిడ్డా. ఒకటి తలకాయ లేపి చూసింది, మళ్ళ ఏరుకుంది. మనిషి కదిలినా పిట్టకు తెల్వకుండ కదులుడేంది! ఊకె చెప్తలేను, నా కండ్లతోని చూసిన.

అరగంట అట్ల కదిలి, అరగంట బెంచీల మీద కూసున్నరు. కండ్లు మూసుకోని, చప్పుడు లేకుంట. అగో, అప్పుడు నాకు సంబురమైంది. ఇది మనకు తెలిసిన విద్యనే అనుకున్న. తెల్లారి నుంచి నేను గూడ పోవుడు మొదలువెట్టిన.

ఇంగ్లీష్ ఆయనకు రాదు, నాకు అంతకన్న రాదు. ఆయన జేబుల ఫోన్ ఉంటుండె. ఆయన చైనాల మాట్లాడితే దాంట్లకెల్లి ఒక ఆడమనిషి తెలుగుల చెప్పేది, అచ్చం రేడియోల వార్తలు చదివినట్టు. "దయచేసి మీ మనస్సును నాభికి దిగువన నిలపండి" అనేది. నాకు నవ్వొచ్చేది.

వాళ్ళ దాంట్ల ఏందంటే, మనిషి పెయ్యిల ఒక పొయ్యి ఉంటదట, దాని మీద ఒక కుండ. పొయ్యి ఏడ? బొడ్డుకు మూడు వేళ్ళంత కింద. ఊపిరి తీసుకునుడే పొయ్యి ఊదుడు. కుండల కాగేది ఇంకేం కాదు, నీ పానమే. సన్నటి మంట మీద ఏండ్లకు ఏండ్లు కాగితే లోపట బంగారమసుంటిది తయారైతదట. కూసున్నప్పుడు కాగుతది. కదిలినప్పుడు ఆ ఎచ్చదనం కాళ్ళకు, చేతులకు, ఏళ్ళ కొసల దాంక పోతది. ఎంతసేపు కూసుంటే అంతసేపు కదలాలె. గది ఆయన లెక్క.

నేను ఇన్ననా? ఇనలే.

ఎందుకంటే నాకు ముందే అంతా తెల్సునని గర్వం. మన సిద్దిపేటల ఒక స్వామి దగ్గర ధ్యానం నేర్చుకున్న. రెండు కనుబొమ్మల నడుమ, బొట్టు పెట్టుకునే కాడ మనసు నిలపాలె అని చెప్పిండాయన. ఆయన తప్పు చెప్పలే బిడ్డా, ఆయన దారి ఆయనది. నేనేం చేసిన? లియాంగ్ తాత నేర్పిన ఊపిరిని తీసుకపోయి, స్వామి చెప్పిన కాడ పెట్టిన. రెండు కలిపితే ఇంకా తొందరగ అయితది అనుకున్న. ఇగ ఆ చేతులు కాళ్ళు ఆడిచ్చుడు నాకెందుకు? నలభై ఏండ్లు గుంట మగ్గంల కూసోని కాళ్ళు చేతులు ఆడిచ్చిన. అప్పట్ల చాయ్ పావలా ఉంటే, ఆ పావలా చాయ్ తాగనీకి గూడ గుంటలకెల్లి లేవకపోయేటోన్ని. ఇప్పుడన్న కదలకుంట కూసునే భాగ్యం దొరికింది గదా, కసరత్తు పిల్లలకు గానీ నాకెందుకు అనుకున్న.

లేక్ కు పోవుడు బందు చేసిన. ఇంట్లనే, లాండ్రీ పక్క రూంల, ఒక గంట, రెండు గంటలు, తర్వాత మూడు గంటలు. మొదట్ల మస్తు వెలుగులు కనిపిచ్చేటియి. నేను ఎక్కడికో పోతున్న అనుకున్న. నెలకు తలకాయ కాలబట్టింది. చెవులల్ల గుయ్యిమని చప్పుడు. నిద్ర లేదు. నీళ్ళ గ్లాసు పక్కకు పెట్టిన చప్పుడైనా మీ బాపమ్మ మీద ఒర్రుడు. పాదాలేమో మంచుగడ్డలు. అయినా సాధన ముదిరింది అనుకున్న గానీ పాడైంది అనుకోలే.

ఇగ ఇప్పుడు చెప్పేది... ఇది ఉండనీ, ఆపకు. ఇన్నేండ్లు నీకు చెప్పలే.

నువ్వు స్కూల్ క్యాంప్ కు పోయిన రోజు. మీ బాపమ్మ చెయ్యి ఇరిగింది సూడు, తడి టైల్స్ మీద జారిపడ్డదని చెప్పినం నీకు. జారలే. నేను పడేసిన.

కొట్టలే బిడ్డా, అట్ల చూడకు. పొద్దుగాల మూడు గంటలు కూసున్న. మీ బాపమ్మ తలుపు తీసి "ఏందయ్యా, చాయ్ సల్లగైతుంది" అన్నది. అంతే. నా ధ్యానం చెడగొట్టిందని కోపం నెత్తికెక్కి దిగ్గున లేచిన. రెండు కాళ్ళు తిమ్మిరెక్కి లేనట్టే ఉన్నయి. పోయి ఆమె మీద పడ్డ. ఇద్దరం కింద. ఆమె కుడి చెయ్యి నేలకు ఆనిచ్చింది. సప్పుడు నాకు ఇనవడ్డది.

అంబులెన్సోళ్ళు వచ్చి ఎట్ల పడ్డవమ్మా అని అడిగిన్రు. ఆఫీసు నుంచి ఉరికొచ్చిన మీ నాయిన ఇంగ్లీష్ లకెల్లి తెలుగు చేసి అడిగిండు. నేను నోరు తెరిచేలోపట్నే ఆమె అన్నది, "నేనే జారిన" అని. నా దిక్కు చూడను గూడ చూడలే. నేను నోరు మూసుకున్న. ఎనిమిదేండ్ల నుంచి మూసుకొనే ఉన్న.

ఆరు వారాలకు కట్టు ఇప్పిన్రు. ఎముక అతుక్కున్నది గానీ చేతి ఏళ్ళు ముడుసుకోలే. గంటె పట్టుకుంటే జారిపోయేది. మీ బాపమ్మ చెయ్యంటే ఏమనుకున్నవ్? నలభై ఏండ్లు రాట్నం తిప్పి నాకు నూలు కండెలు చుట్టి ఇచ్చిన చెయ్యి. ఆమె చుట్టిన కండె మగ్గంల అటుఇటు ఉరికే నాడెల ఏస్తే, పోగు తెగిందన్న మాట లేదు. గసుంటి చెయ్యిని కొంగు కింద దాచుకునేది, ఎవరన్న వస్తే. ఫిజియో ఆమె మెత్తటి బాల్ ఇచ్చి పిసుకుమన్నది. పిసుకబోతే బాల్ కింద పడేది. నేను తీసి ఇచ్చేటోన్ని, మళ్ళ పడేది. నాకు ఆ బాల్ ని చూస్తే ఏడుపొచ్చేది.

ఉండు. నీళ్ళు తాగుత.

అంతకన్న ముందు, కట్టు ఉన్నప్పుడే, లియాంగ్ తాత దగ్గరికి పోయిన. మొఖం చెల్లకున్నా పోయిన. అంతా ఫోన్ కు చెప్పిన, ఫోన్ ఆయనకు చెప్పింది. ఆయన నవ్వలే, తిట్టలే. నా నడినెత్తి మీద చెయ్యి పెట్టి చూసిండు. బూట్లు ఇప్పమని, ఆ వయసుల కిందికి వంగి నా పాదాలు ముట్టుకున్నడు. నాకన్న పెద్దోడు నా కాళ్ళు ముట్టుకునుడేందని గుంజుకోబోతే వదలలే. అప్పుడు ఫోన్ చెప్పింది, "పొయ్యిని మీరు తలపైన పెట్టుకున్నారు. పాదాలు చల్లబడ్డాయి. నూరు రోజులు కూర్చోవద్దు."

నూరు రోజులు! ధ్యానం లేదు. ఉట్టిగ కదులుడే. "మీ భార్యను తీసుకురండి, ఆమె కూర్చుంటుంది" అన్నడు.

మీ బాపమ్మ రానంటే రానన్నది. "ఇంట్ల పనెవలు చేస్తరు, నీ స్వామా?" అన్నది. చెయ్యి కట్టుల ఉంది గదా, ఎట్లైనా పని చేసుడు లేదు. బలవంతం మీద తీస్కపోయిన. బెంచీ మీద కూసోబెట్టి, బొడ్డు కింద మనసు పెట్టి ఊపిరి తీసుకోమన్నడు. నేను మొక్కజొన్న కట్టె లెక్క నిలబడి చేతులు లేపుతున్న, పక్కల ఆడోళ్ళు నవ్వుతున్నరు. ఆమె దిక్కు చూస్తే కండ్లకెల్లి నీళ్ళు కారుతున్నయి. నొస్తుందేమో అని ఉరికిన. "నొస్తలేదయ్యా" అన్నది. "పుట్టినకాడికెల్లి గింతసేపు నన్ను ఎవ్వలూ కూసోనియ్యలే" అన్నది.

నేను పోయి మళ్ళ నా జాగల నిలబడ్డ.

ఇగ అరవై రోజులు దాటినయి. డెబ్బై అనుకుంట. మార్చి నెల, ఎండలు తగ్గినయి, మీ బాపమ్మ కట్టు తీసి నెల దాటింది. నా నెత్తి కాలుడు తగ్గింది, కంటి నిండ నిద్ర పడుతుంది. ఒకరోజు లియాంగ్ తాత అందరినీ ఆపి నా కాళ్ళ దిక్కే చూస్తుండు. నాకు తెల్వకుండనే నా కాళ్ళు ఎడమ, కుడి, ఎడమ, కుడి అదుముతున్నయట. "మీరు ఏ పని చేసేవారు?" అని అడిగింది ఫోన్.

చెప్పుడు ఎట్ల? షెడ్డు గచ్చు అంచు మీద కూసోని కాళ్ళు కిందికి ఏలాడేసిన, గుంటల పెట్టినట్టు. కాలి కింద పలకలు ఉన్నట్టు తొక్కిన. కుడి చేత్తో తాడు గుంజి నాడె ఇసిరిన, ఎడమ చేత్తో పోగు మీదికి అచ్చు దగ్గరికి కొట్టిన. ఉట్టి గాలిలనే. చూపిద్దామనే మొదలువెట్టిన బిడ్డా, ఆగబుద్ధి కాలే. నడుము కదలది, చూపు కదలది. కాళ్ళు చేతులు వాటి పని అవి చేసుకుంటున్నయి. పక్కకు మీ బాపమ్మ వచ్చి కూసున్నది నాకు తెల్వదు. ఎంతసేపైందో తెల్వదు.

నేను ఆగేసరికి బొడ్డు కింద ఎచ్చగ ఉంది. పాదాలు ఎచ్చగ ఉన్నయి. తలకాయ కడిగినట్టు సల్లగ. నెలలకు నెలలు గంటలకు గంటలు కూసున్నా రానిది, మగ్గం లేని మగ్గం మీద వచ్చింది. పక్కకు చూసిన. మీ బాపమ్మ కండ్లు మూసుకోని రాట్నం తిప్పుతుంది. ఎడమ చేత్తో పోగు, కుడి చేత్తో పిడి. లేని పిడి చుట్టూ ఆ ఏళ్ళు ముడుసుకున్నయి. పూర్తిగ కాదు, సగం. సగం ముడుసుకున్నయి! బాల్ ను పట్టని ఏళ్ళు!

లియాంగ్ తాత తడి గడ్డి మీద మా ముందట కూసున్నడు. పిడికిలి మీద చెయ్యి మూసి, వంగి మొక్కిండు మాకు. ఫోన్ చెప్పింది, "మీరిద్దరూ నలభై ఏళ్లు ఈ సాధన చేశారు. మీకు ఎవరూ చెప్పలేదు."

నాకు మా నాయిన యాదికొచ్చిండు. మగ్గం మీద కూసుంటే పిలిచినా పలకకపోయేటోడు. మా అన్న రాజన్న పోయి భుజం ముట్టుకుంటే, ఎక్కడికెల్లో వచ్చినట్టు చూసేటోడు. చెవుడు అనుకునేటోళ్ళం మేము. ఏ స్వామి దగ్గరికి పోలే ఆయన, ఏ దీక్షా పట్టలే. మా ఇంట్ల అంత పెద్దది జరుగుతుంటే మేము చెవుడు అనుకున్నం.

మాయ గీయ ఏం లేదు, రాసుకో. ఒక్కరోజుల చెయ్యి రాలే. ఫిజియో, బాల్, లేక్ కాడ రాట్నం, అన్నీ కలిస్తే ఏడాదిన్నర పట్టింది. నూరు రోజులైనంక నన్ను కూసోనిచ్చిండు, కానీ ఆయన లెక్కనే. కూసున్నంక దిగ్గున లేవొద్దు. అరచేతులు రాసి నడుముకు ఆనియ్యాలె, మొఖం తుడుచుకోవాలె, పాదాలు పిసుకాలె, ఆఖరికి లేవాలె. నేను లేచేటప్పుడు మీ బాపమ్మ ఇప్పటికీ రెండడుగులు ఎనకకు జరుగుతది, నవ్వుకుంట.

అగో, వస్తుంది. ఆపకు, ఉండనీ.

"ఏందయ్యా, గంట సేపైంది, పిల్లకు ఏం చెప్తున్నవ్?"

నిజం చెప్పిన. చెయ్యి ముచ్చట.

"...గిన్నేండ్లకా?"

గిన్నేండ్లకు. నువ్వు జారలేదు, నేను పడేసిన అని చెప్పిన.

"సరే పోనియ్యి. చాయ్ సల్లగైతుంది."

సూడు బిడ్డా, ఏడ్వకు, ముందు అటు సూడు. ఏ చేత్తో పట్టుకచ్చిందో సూడు. కుడి చెయ్యి. నిండు కెటిల్. ఒక్క చుక్క కింద పడలే. పొద్దున్నుంచి కంప్యూటర్ ముంగట కూసున్నవ్ గదా, నీ పాదాలు ఎప్పుడూ ఎచ్చగుండాలె, నెత్తి సల్లగుండాలె, నూరేండ్లు... ఇగ మెల్లగ లే. మెల్లగ. పోయి మీ బాపమ్మ చేతులకెల్లి ఆ కెటిల్ అందుకో... కాదు కాదు, అందుకోకు. ఆమెనే పోస్తది, పోయనీ.